సున్నా గాటు వైద్యం

ఆ సంస్థలో గాటును కొలిచే కొలబద్ద వెండిది. దాన్ని ముఖమల్ గుడ్డలో చుట్టి, డైరెక్టరు గదిలో అద్దాల పెట్టెలో ఉంచుతారు. ఆపరేషన్ పూర్తవగానే క్వాలిటీ అధికారి చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లి, రోగి పొట్ట మీద గాటు ఎంత పొడుగుందో కొలిచి వస్తాడు. రోగి ఎలా ఉన్నాడన్నది కూడా చూస్తారు గానీ, అది తర్వాత.

ఇదంతా మంచి ఉద్దేశంతోనే మొదలైంది. పొట్ట అడ్డంగా చీల్చి కాలేయాన్ని బయటపెట్టే రోజులు పోయాయి, సన్నటి రంధ్రంలోంచి పెద్ద పని చేసే రోజులొచ్చాయి అని డాక్టర్లంతా చెప్పుకుంటున్న కాలం. అది నిజం కూడా. అయితే ఆ కాలేయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరైన కరుణాకరవర్మగారు ఒక సదస్సుకి వెళ్లి, ఆ నిజంతో సరిపెట్టుకోకుండా, ఒక సూత్రం పట్టుకుని తిరిగొచ్చారు. గడ్డ అడ్డుకొలతను గాటు పొడుగుతో భాగించాలి. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే సంస్థ అంత గొప్పది. దానికి సూక్ష్మతా సూచిక అని పేరు పెట్టారు. ప్రతి సోమవారం ఆ అంకెను సింహద్వారం మీద ఎర్ర దీపాలతో వెలిగించేవారు.

పొట్నూరు జగ్గారావు మొదటిసారి ఆ ద్వారం దాటినప్పుడు అది టోకెన్ నంబరనుకుని తన చేతిలో చీటీతో పోల్చి చూసుకున్నాడు.

జగ్గారావు చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. బళ్లూ ట్రాక్టర్లూ కాటా ఎక్కుతాయి, అతను బరువు చూసి అరుస్తాడు, అవి దిగిపోతాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రైతులు అతని భుజం మీదుగా అంకె కేసి చూసినవాళ్లే తప్ప, అతని మొహం కేసి చూసినవాళ్లు తక్కువ. దానికి తను బాధపడటం లేదనే అతను అనుకునేవాడు. తక్కువ మాట్లాడేవాడు. లోపల మాత్రం తనతో తను చాలా మాట్లాడుకునేవాడు. ఈమధ్య అలా మాట్లాడుకోవడం కష్టమైంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు బిగుసుకుపోతోంది. వంగి చెప్పులు వేసుకుంటే ఊపిరి ఆడటం లేదు. కుడిపక్కకి తిరిగి పడుకుంటే లోపల ఇంకెవరో పడుకుని ఉన్నట్టు, వాళ్ల నిద్ర చెడగొడుతున్నట్టు అనిపిస్తోంది.

అతని స్కానింగ్ చూసిన డాక్టరు పేరు నస్రీన్. తెర మీద రక్తనాళాలను చూసుకుంటూ, సన్నటి గొట్టంతో లోపలి జబ్బులకు వైద్యం చేసే మనిషి. ఆమె బొమ్మ చూపించి విడమరచి చెప్పింది. ఇది కాలేయంలో రక్తనాళాలు చుట్టుకుపోయి ఏర్పడిన గడ్డ. కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు. ఇలాంటివి చాలామందిలో ఉంటాయి, బాధ లేకపోతే ముట్టుకోకుండా వదిలేయడమే వైద్యం. ఇతనికి బాధ ఉంది. దానిమ్మపండంత పెరిగి పొట్టను నొక్కుతోంది కాబట్టి వదలకూడదు. మూడు దారులున్నాయి. సూది గుచ్చి వేడితో కాల్చడం ఇంత పెద్దదానికి అంతగా నప్పదు. చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పంపి కోసి తీయవచ్చు. ఆ రెంటికన్నా ముందు, మణికట్టు దగ్గర నాళంలోంచి గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే దారులు మూసేస్తే అదే మెల్లగా కుంచించుకుపోతుంది. పడే గాటు చీమ కుట్టినంత.

"మంగళవారం చేస్తాను, గురువారం ఇంటికెళ్లిపోవచ్చు జగ్గారావుగారూ. నెల తిరిగేసరికి కాస్త అన్నం తినగలుగుతారు" అంది.

జగ్గారావుకి ఆ మాటలో అన్నం అన్న ముక్క ఒక్కటే చెవిలో పడింది.

అయితే వైద్యానికి అనుమతి చీటీ మీద క్వాలిటీ అధికారి సంతకం కావాలి. హేమచంద్ర అనే ఆ అధికారి లెక్క కట్టాడు. మళ్లీ కట్టాడు. మొహం విచారంగా పెట్టాడు.

"గాటు అద్భుతంగా ఉంది. గడ్డే సరిపోలేదు" అన్నాడు.

జగ్గారావుకి అర్థం కాలేదు. హేమచంద్ర ఓపిగ్గా చెప్పాడు. గాటు చీమ కుట్టినంతే కాబట్టి పైనున్న అంకెను ఆ కాస్తతో భాగిస్తారు. అంటే గడ్డ రవ్వంత పెరిగినా సూచిక ఎక్కడికో వెళుతుంది. ఇప్పుడే చేసేస్తే సంస్థ దేశంలో రెండో స్థానంలో ఆగిపోతుంది. ఇలాంటి సందర్భాల్లో డైరెక్టరుగారి సలహా తీసుకోవడం ఆనవాయితీ.

డైరెక్టరుగారు జగ్గారావును కుర్చీలో కూర్చోబెట్టారు. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఊరు అడిగారు, పేరులో మొదటి భాగం ఇంటిపేరేనా అని అడిగారు, భోజనం అయిందా అని అడిగి జవాబు కోసం ఆగలేదు.

"చూడండి జగ్గారావుగారూ, ఇది నిరపాయకరమైన గడ్డ. నిరపాయకరమైన దాని విషయంలో తొందరపాటు శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. మీ గడ్డకు ఇంకా అభివృద్ధి అవకాశాలున్నాయి. వాటిని మధ్యలో తుంచే నైతిక హక్కు ఈ సంస్థకు లేదు."

"మరి అన్నం తినలేకపోతున్నాను సార్" అన్నాడు జగ్గారావు.

"చిన్న చిన్న ముద్దలు తినండి. సూక్ష్మత అన్నది కేవలం వైద్య పద్ధతి కాదు, జీవన విధానం."

మెట్లు దిగుతూ జగ్గారావు తనలో కోపం కోసం వెతుక్కున్నాడు. ఉండాలి కదా అనుకున్నాడు. వెతికిన చోట కోపానికి బదులు వెచ్చగా మరేదో ఉంది. అంత పెద్ద మనిషి తన చెయ్యి పట్టుకున్నాడు. తనలో ఉన్నదానికి అవకాశాలున్నాయన్నాడు. తనలో ఉన్న ఏ ఒక్కదాని గురించీ, పుట్టి బుద్ధెరిగాక, ఎవరూ అలాంటి మాట అనలేదు.

ఇక నెలనెలా కొలతలకు పిలుపు వచ్చేది. బస్టాండుకి సంస్థ కారు వచ్చేది. లోపలికి అడుగుపెడితే రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడేది. నర్సులు మొదట్లో అతన్ని దానిమ్మగారు అన్నారు. గడ్డ పెరిగాక కొబ్బరికాయగారు అన్నారు. ఆ మార్పు రోజున హేమచంద్ర స్వయంగా మిఠాయి పంచాడు. జగ్గారావు మర్యాద కోసం ఒక ముక్క కొరికి, మిగిలింది జేబు రుమాల్లో దాచుకున్నాడు. అది దిగదని అతనికి తెలుసు.

కొలతలకు వెళ్లే ముందు రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం అలవాటైంది. భార్య సూరీడమ్మ గుమ్మంలో నిలబడి చూసేది.

"పెళ్లిసూపులకి ఎల్తన్నట్టు తయారవుతన్నారు. గడ్డకి కూడా పౌడరు రాయమంటారేటి?"

అతను నవ్వేసి ఊరుకునేవాడు. మనిషి సన్నబడుతున్నాడు. చేతులు పుల్లలయ్యాయి, బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా భుజాల మీద వేలాడుతూ పొట్ట దగ్గర మాత్రం బిగుతైంది. ఫ్యాక్టరీలో ఒకరిద్దరు రైతులు మొదటిసారి అతని మొహం కేసి చూసి, ఒంట్లో బాగుందా అని అడిగారు. దానికీ అతను రహస్యంగా సంతోషించాడు. సంతోషిస్తున్నట్టు కనిపెట్టి తననుంచి తనే మొహం తిప్పుకున్నాడు.

నస్రీన్ మాత్రం కనిపించినప్పుడల్లా ఒకటే చెప్పేది. సంస్థ కమిటీకి మూడుసార్లు రాశానంది. మూడోసారి వచ్చిన జవాబులో, గడ్డ ఎదుగుదల పట్ల డాక్టరుగారు ప్రతికూల వైఖరి విడనాడాలని ఉందట.

"ఇంకా పెరిగితే నా గొట్టం ఒక్కటే సరిపోదు జగ్గారావుగారూ. పొట్ట కోయాల్సొస్తుంది. చిన్న గాటు కోసం ఆగి ఆగి మీరు పెద్ద గాటు కొని తెచ్చుకుంటున్నారు."

అతను బుద్ధిగా తలూపేవాడు. ఆమె చెప్పేది నిజమని అతనికి తెలుసు. అయితే అంతలోనే నర్సు కొబ్బరినీళ్లు తెచ్చి, ఇలా కూర్చోండి అని కుర్చీ తుడిచేది. తెలిసిన నిజం ఒక మూల, తుడిచిన కుర్చీ ఒక మూల ఉండేవి. అతను వెళ్లి కుర్చీలో కూర్చునేవాడు.

గడ్డ పంపరపనస సైజుకి చేరిన నెలలో పొరుగు రాష్ట్రం నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. అక్కడి సంస్థ ఒకటి వెంట్రుకకన్నా సన్నటి సూది తెప్పించిందట. వాళ్ల సూచిక ఒక్కసారిగా పైకి లేచింది. సింహద్వారం మీద ఎర్ర అంకె చిన్నబోయింది. డైరెక్టరుగారు ఆ రోజు భోజనం చేయలేదని చెప్పుకున్నారు.

మర్నాడే అత్యవసర సమావేశం. రోగి శరీరం మీద సంస్థ ఆవరణలో పడే ప్రతి రంధ్రాన్నీ లెక్కలోకి తీసుకుని, ఆ మొత్తాన్ని తగ్గించాలని తీర్మానం. ముందు ఇంజక్షన్లు ఆపారు. సెలైన్ ఆపారు. రక్తపరీక్షలు ఆపి, రక్తం ఎలా ఉండవచ్చో రోగిని అడిగి రాసుకోవడం మొదలుపెట్టారు. పురుషుల వార్డులో గెడ్డం గీయడం నిషేధించారు. అప్పుడు ఒక సీనియర్ సభ్యుడు లేచి, దోమకాటు కూడా రంధ్రమే కదా అన్నారు. సభ రెండుగా చీలింది. దోమ సంస్థ సిబ్బంది కాదు కాబట్టి దాని గాటు సంస్థకు వర్తించదని ఒక వర్గం వాదించింది. ఆవరణలో జరిగిన ప్రతిదానికీ సంస్థదే బాధ్యత అని మరో వర్గం. ఉపసంఘం వేశారు. దాని నివేదిక వచ్చేదాకా రోగులు పగలూ రాత్రీ దోమతెరల్లోనే ఉండాలన్నారు. డాక్టర్లు తెర బయట నిలబడి, లోపల మసగ్గా కనిపించే మనిషిని ఎలా ఉందని అడిగి వెళ్లిపోయేవారు. ఆడవాళ్లు చెవి కుట్లూ ముక్కు కుట్లూ గేటు దగ్గరే చూపించి, ఇవి ఇంటి నుంచి తెచ్చుకున్నవేనని చెప్పి లోపలికి రావలసి వచ్చేది.

ఇంత చేసినా పొరుగువాళ్ల అంకె అందలేదు. రంధ్రం ఎంత సన్నబడినా రంధ్రమే.

అందుకని పెట్టిన చివరి సమావేశానికి జగ్గారావును ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. అతని పని బల్ల చివర చొక్కా పైకెత్తుకుని కూర్చోవడం. ఎదురుగా గడ్డ ఉంటే చర్చకు స్ఫూర్తి ఉంటుందని డైరెక్టరుగారి అభిప్రాయం. చివరికి హేమచంద్ర నల్లబల్ల దగ్గరికి వెళ్లి, గాటు సగమైతే సూచిక రెట్టింపు అని రాశాడు. మళ్లీ సగమైతే మళ్లీ రెట్టింపు అని రాశాడు. ఇంకా ఇంకా రాస్తూ బల్ల చివరికి వచ్చేశాడు.

"అసలు గాటే లేకపోతే?" అన్నాడు మెల్లగా.

డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. మిగతావాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే, లేచి నిలబడ్డారు. నస్రీన్ ఒక్కతే కూర్చుని ఉంది.

"సార్, సున్నాతో భాగించడం కుదరదు. చిన్న క్లాసు లెక్కల్లోనే చెప్తారు" అంది.

"గణితంలో కుదరకపోవచ్చు డాక్టర్. పరిపాలనలో కుదురుతుంది" అన్నారు డైరెక్టరుగారు.

ఆ వారంలోనే ఆమె ఉద్యోగం వదిలి, సీతారాంపేటలో కొండ కింద ఉన్న చిన్న మిషన్ ఆసుపత్రికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు జగ్గారావు దగ్గరికి వచ్చి ఊరి పేరు రెండుసార్లు చెప్పింది. అతను విన్నాడు. ఆ పూట అతన్ని పత్రికల కోసం ఫొటోలు తీస్తున్నారు. ఎడమపక్కకి తిరగమంటే తిరిగాడు.

సున్నా గాటు వైద్యానికి మంచి ముహూర్తం చూశారు. ఒక పెద్దాయన వచ్చి జ్యోతి వెలిగించారు. జగ్గారావుకి ఆకుపచ్చ గౌను తొడిగి, థియేటర్లో బల్ల మీద పడుకోబెట్టి, పెద్ద దీపాలు వేశారు. ఆరుగురు డాక్టర్లు తొడుగులు వేసుకుని చుట్టూ నిలబడ్డారు. తాకితే వాదోపవాదాలొస్తాయని చేతులు వెనక్కి కట్టుకున్నారు. డైరెక్టరుగారు ఒక్కొక్కరి కేసీ చూసి గంభీరంగా అన్నారు.

"ఏమీ చేయకపోవడంలో ఎక్కడా అలసత్వం ఉండకూడదు."

రెండు గంటలు ఎవరూ ఏమీ చేయలేదు. చాలా శ్రద్ధగా చేయలేదు. మధ్యలో ఒక డాక్టరు తుమ్మితే అతన్ని బయటికి పంపి, ఆ స్థానంలో మరో నిపుణుణ్ని రప్పించారు. జగ్గారావు దీపాల కేసి చూస్తూ పడుకున్నాడు. ఆరు జతల కళ్లు తన మీదే ఉన్నాయి. జీవితంలో ఇంతసేపు తనని ఎవరైనా ఇంత శ్రద్ధగా చూశారా అని ఆలోచించాడు. లేదు. ఆ ఆలోచనకి కళ్లు చెమర్చాయి. అది నొప్పి అనుకుని కమిటీవారు కంగారుపడ్డారు. నొప్పి లేదని అతనే సర్దిచెప్పాడు.

బయట సూరీడమ్మ నిలబడి ఉంది. ఆపరేషన్ విజయవంతమైందని హేమచంద్ర వచ్చి చెప్పాడు. ఆమె కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. అక్క కూతురికి తిత్తి తీసినప్పుడు, తమ్ముడికి రాళ్లు తీసినప్పుడు, ఏ ఆసుపత్రిలోనైనా తీసినదాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి ఇంటివాళ్లకు చూపించడం ఆమె ఎరుగును.

"గడ్డేదీ? సూపించండి" అంది.

"భద్రంగా ఉందమ్మా. లోపలే ఉంది" అన్నాడు హేమచంద్ర.

ఆమె అతని మొహం కేసి చూసి, చాపిన చేతిని కొంగులో చుట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

డిశ్చార్జి నాడు జగ్గారావు ధైర్యం చేసి డైరెక్టరుగారినే అడిగాడు. ఇంకా నాలుగు ముద్దలే పడుతున్నాయని, నిజానికి ఇప్పుడు రెండే పడుతున్నాయని చెప్పాడు. డైరెక్టరుగారు ఆప్యాయంగా భుజం తట్టారు.

"మీరు అడుగుతున్నది ఫలితం గురించి. మేం మాట్లాడుతున్నది విధానం గురించి. ఫలితాల విభాగం వేరు. దానికింకా పోస్టులు మంజూరు కాలేదు."

సింహద్వారం మీద కొత్త సూచికను ఎలా వేయాలో విద్యుత్ విభాగానికి తెలియలేదు. అనంతం గుర్తు వాళ్ల దగ్గర లేదు. రెండు సున్నాలు పక్కపక్కన అతికించి వెలిగించారు. దూరం నుంచి బాగానే ఉంది.

ఆ తర్వాత కారు రాలేదు. ఫోను రాలేదు. సంస్థకు అతనితో పని అయిపోయింది. జగ్గారావు కాటా దగ్గర కూర్చుని బరువులు అరిచేవాడు, అరవడానికి ఊపిరి చాలక సగంలో ఆపేవాడు. రైతులు మళ్లీ అంకె కేసే చూసేవారు. ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలి, వీధిలో కారు చప్పుడైతే తలెత్తేవాడు. గంజి కూడా వాంతయ్యే రోజులొచ్చాయి. అయినా ఎక్కడికైనా వెళదామని సూరీడమ్మ అంటే, సంస్థవాళ్లు ఏమనుకుంటారోనని దాటవేసేవాడు. వాళ్లు ఏమీ అనుకోరని, అసలు తన గురించే అనుకోరని అతనికి లోపల స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టతే అతనికి భరించరానిదిగా ఉంది.

ఒక మధ్యాహ్నం కాటా గదిలోనే కళ్లు తిరిగి పడ్డాడు. ఇంటికి మోసుకొచ్చారు. సూరీడమ్మ మొహం మీద నీళ్లు చల్లి, తడిగుడ్డతో పొట్ట తుడుస్తూ, ఆ ఎత్తు మీద చెయ్యి ఆపింది.

"ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇది తీసేత్తే మీరేటి మిగల్తారని బయమా?"

అతను కళ్లు తెరిచి ఆమె చేతి కేసి చూశాడు. ఇన్నాళ్లూ తనతో తను ఎంత మాట్లాడుకున్నా ఈ ప్రశ్న దాకా రాలేదు. వచ్చే దారిలో జాగ్రత్తగా ఏదో అడ్డం పెట్టుకున్నాడు. దాన్ని ఈమె తడిగుడ్డతో తుడిచినంత తేలిగ్గా తుడిచేసింది.

"నాకు మీరు కావాల. దాన్ని ఆళ్లనే ఉంచుకోమనండి" అంది.

సీతారాంపేట ఆసుపత్రిలో నస్రీన్ అతన్ని చూసి కోప్పడలేదు. పొట్ట తాకి చూసింది, స్కానింగ్ చూసింది. ముందు మణికట్టులోంచి గొట్టం పంపి రక్తం దారులు మూస్తానంది. అయితే ఇంత పెరిగిన గడ్డకు అది ఒక్కటే చాలదని, కాలేయంలో సగం దాకా ఆక్రమించిన దాన్ని రంధ్రాల్లోంచి తీయడం కూడా ప్రమాదమని, ఇక పొట్ట తెరవక తప్పదని చెప్పింది. అప్పుడు చేసి ఉంటే అన్న మాట ఆమె అనలేదు. అతనే పూర్తిచేసుకున్నాడు.

ఆనందపాల్ అనే పెద్ద సర్జను కోశాడు. గాటు రొమ్ము మధ్య నుంచి మొదలై, పక్కటెముకల వెంబడి కుడి నడుము దాకా వెళ్లింది. ఎవరూ కొలవలేదు. గడ్డను పళ్లెంలో పెట్టి సూరీడమ్మకు చూపిస్తే, పళ్లెం చిన్నదై బేసిన్ తెప్పించాల్సి వచ్చిందట. ఆమె దాన్ని పైనుంచి కిందికి చూసి, ఇంత మర్యాదలు జరిగింది దీనికేనా అందట.

కుట్లు మానే రోజుల్లో ఒక ఉదయం జగ్గారావుకి ఆకలేసింది. ఆకలి ఎలా ఉంటుందో మరిచిపోయాడు కాబట్టి మొదట అదేదో కొత్త జబ్బనుకున్నాడు. సూరీడమ్మ పప్పన్నం కలిపి పెట్టింది. నాలుగు ముద్దలు తిని అలవాటుగా ఆగాడు. లోపల ఎవరూ ఆపలేదు. అయిదో ముద్ద తిన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యాక మళ్లీ పెట్టమన్నాడు. ఆమె పెడుతూ పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది.

చెరకు సీజను మొదలయ్యే ముందు సంస్థ నుంచి పిలుపు వచ్చింది. అనంత సూచిక వార్షికోత్సవమట, తొలి రోగికి తుది పరీక్ష చేస్తారట. వద్దంది సూరీడమ్మ. వెళ్లి జరిగింది చెప్పి వస్తానన్నాడు జగ్గారావు. దారిపొడుగునా ఆ మాటల్ని వల్లించుకున్నాడు.

చెప్పే అవకాశం వెంటనే రాలేదు. ముందు స్కానింగ్ చేశారు. కొత్తగా చేరిన కుర్రవాడు తెర కేసి చూసి, మళ్లీ చూసి, యంత్రాన్ని ఒకసారి తట్టి, పరిగెత్తుకుంటూ బయటికి వెళ్లాడు. నిమిషాల్లో గది నిండిపోయింది. హేమచంద్ర ఒక మూల నిలబడి కళ్లు ఒత్తుకున్నాడు. డైరెక్టరుగారు జగ్గారావును కౌగిలించుకున్నారు.

"గడ్డ లేదు. గాటు లేదు. ఇక మనం నిరూపించుకోవలసింది కూడా లేదు" అన్నారు.

జగ్గారావు మెల్లగా కౌగిలిలోంచి బయటికి వచ్చి, సీతారాంపేటలో కోసి తీశారని చెప్పాడు. చొక్కా తెరిచి చూపించాడు. గదిలో వాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. డైరెక్టరుగారు ఆ గాటు కేసి, పట్టుచీర మీద పడిన సిరా మరకను చూసినట్టు చూశారు. అంతలోనే మొహం విచ్చుకుంది.

"ఆ గాటు మా ఆవరణలో పడిందా? లేదు. గడ్డ మా లెక్కలో ఉందా? ఉంది. మేం గాటు పెట్టకుండానే ఆ గడ్డ పోయిందా? పోయింది. ఇందులో మీకు కనిపిస్తున్న ఇబ్బంది ఏమిటో నాకు బోధపడటం లేదు."

జగ్గారావు వల్లించుకున్న మాటలన్నీ ఆ తర్కం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. గుండీలు పెట్టుకుని వెళ్లమని, కింద రోగులుంటారని, గాట్లు చూస్తే వాళ్ల మనోధైర్యం దెబ్బతింటుందని హేమచంద్ర మర్యాదగా చెప్పాడు.

కింద హాలు కిటకిటలాడుతోంది. ఇంతమంది ఎప్పుడూ లేరు. గోడ మీద నిలువెత్తు ఫొటో ఉంది. చొక్కా పైకెత్తుకుని, ఎడమపక్కకి తిరిగి, మొహమాటంగా నవ్వుతున్న మనిషి. దాని కింద, సున్నా గాటు వైద్యం తొలి విజేత అని రాసి ఉంది. తన నవ్వు అంత ఆనందంగా ఉంటుందని జగ్గారావుకి తెలియదు. ఫొటో కింద బెంచీల్లో వాళ్లంతా చీటీలు పట్టుకుని వైద్యానికి వంతు కోసం కూర్చున్నారు. ఒకరు అతన్ని గుర్తుపట్టారు. పక్కవాళ్లకి చెప్పారు. తలలన్నీ ఇటు తిరిగాయి. కొందరు లేచి నిలబడ్డారు. ఒకాయన నమస్కారం పెట్టాడు. పాత వెచ్చదనం కడుపులోంచి మెల్లగా పైకి పాకడం అతనికి తెలిసింది. గడ్డ పోయినా అది పోలేదు.

ముందు బెంచీలో కూర్చున్న ఒకామె పిలిచింది. అతని ఈడుదే. కుడి డొక్కలో చెయ్యి అదిమి పట్టుకుంది.

"బాబూ, ఆ పోటోలో ఉన్నది మీరే గదా. సూది కూడా గుచ్చనేదంట. మీకు నిజంగా తగ్గిపోనాదా?"

అవును అంటే చాలు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, తగ్గింది కదా. ఆ సగం నిజం ఎంత మెత్తగా ఉందో, అందులో ఎంత హాయిగా కూర్చోవచ్చో అతనికి కనిపించింది. హాలంతా అతని మొహం కేసి చూస్తోంది.

అతని చూపు ఆమె ఒళ్లో ఉన్న కేరియర్ మీద పడింది. మూత తీసి ఉంది. అన్నం ఒక మూల కొంచెం కదిపి ఉంది, అంతే. మిగతాది ఎక్కడిదక్కడే ఆరిపోతోంది.

జగ్గారావు గుండీలు విప్పాడు. పైనుంచి కింది దాకా విప్పి, చొక్కాను రెండు చేతులా పక్కకి లాగి పట్టుకున్నాడు.

"నాకు ఇక్కడ తగ్గలేదమ్మా. ముందే వెళ్లుంటే ఇంత పడేది కాదు. సీతారాంపేటలో నస్రీన్ అని డాక్టరమ్మ ఉంది. నువ్వు తొందరగా వెళ్లు" అన్నాడు.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఇది గాట్లు లేని ప్రాంగణమని, కప్పుకోమని ప్రాధేయపడ్డాడు. జగ్గారావు కప్పుకోలేదు. వెనక బెంచీలవాళ్లు కూడా చూడాలని కొంచెం పక్కకి తిరిగాడు.

ఆమె ఆ గాటును పైనుంచి కింది దాకా మెల్లగా చూసింది. కేరియర్‌కి మూత పెట్టింది. సంచీలో సర్దుకుని, బెంచీ పట్టుకుని లేచింది.

"ఏ బస్సెక్కాల బాబూ?"